అంటుకునేది వేరు, అంటించేది వేరు: మంచుకు తడిసిన కట్టెలతో ఒక పరీక్ష

డిసెంబరు రెండో వారం, అరకు లోయ. రాత్రి ఎనిమిది దాటింది. 34 మంది పిల్లలు గుండ్రంగా కూర్చుని, మధ్యలో పేర్చిన కట్టెల వైపు చూస్తున్నారు. మోకాళ్ల మీద కూర్చుని నేను నాలుగో దినపత్రిక కూడా కాల్చేశాను. కట్టెలు పొగ వదులుతున్నాయే తప్ప మంట ఇవ్వడం లేదు. పగలంతా ఎండలో ఉంచినవే. చీకటి పడగానే దిగిన మంచు రెండు గంటల్లో వాటిని చెమ్మగిల్లేలా చేసింది.

ఇంతలో బస్సు డ్రైవరుకు సాయంగా వచ్చిన కుర్రవాడు "నేను చూసుకుంటాను సార్" అంటూ బైకులోంచి తీసిన పెట్రోలు సీసాతో వచ్చాడు. వద్దు అనేలోపే పోశాడు. పేపరు బూడిద కింద నిప్పు ఇంకా ఉంది. భగ్గుమంది. అతని కనుబొమలు, కుడిచేతి వెంట్రుకలు కమిలిపోయాయి. అంతకు మించి ఏమీ కాకపోవడం మా అందరి అదృష్టం. ఇదంతా మేం ముందే అనుకుని చేసిన విన్యాసమనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండు నిమిషాల్లో పెట్రోలు అయిపోయింది. కట్టెలు మళ్లీ పొగకు దిగాయి.

ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వనిది ప్రమాదం ఒక్కటే కాదు. అంత పెద్ద మంట వచ్చింది కదా, కట్టెలు ఎందుకు అంటుకోలేదు? పదకొండేళ్లుగా బడిపిల్లలకు శిబిరాలు నడుపుతున్నాను. ఎండిన కట్టెతో నెగడు వేయడం ఎవరికైనా వస్తుంది. తడి కట్టెతో వేయడం నాకు రాదని ఆ రోజు 34 మంది సాక్షుల ముందు తేలింది.

విదేశీ శిబిరాల మార్గదర్శకాలు తిరగేస్తే ప్రతిదాంట్లోనూ ఒకే సలహా: బట్టలు ఆరబెట్టే యంత్రంలో పేరుకునే నూగు దాచుకోండి, నిప్పు రాజేయడానికి దానంత మంచి వస్తువు లేదు అని. మన బట్టలు ఆరేది దండెం మీద. ఆ నూగు మనకెక్కడిది? మరి మన ఇళ్లలో ఏముంది అన్న ప్రశ్నతో విశాఖపట్నంలో మా పెరట్లోనే నాలుగు ఆదివారాలు పరీక్షలు పెట్టుకున్నాను.

పెట్టుకున్న నియమాలు

శిబిరం ఉన్న చోట కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లే ఎక్కువ. ఏటా కొమ్మలు కొడతారు, కాబట్టి మాకు దొరికే కట్టె అదే. ఒక గోనె సంచి నిండా పుల్లలు ఇంటికి తెచ్చుకున్నాను. పెన్సిలు మందం, అడుగు పొడవు, ఒక్కో పరీక్షకు 300 గ్రాములు. సగం పరీక్షలు పొడి పుల్లలతో, సగం బకెట్టు నీళ్లలో అరగంట ముంచి విదిలించిన పుల్లలతో. ముంచిన కట్ట తూస్తే దాదాపు 370 గ్రాములు వచ్చేది. అంటే 70 గ్రాముల నీళ్లు. ఈ అంకెతో తరువాత పని పడుతుంది, గుర్తుంచుకోండి.

రాజేసే వస్తువు ఏదైనా 10 గ్రాములే. అగ్గిపుల్లలు మూడు, అంతకు మించి లేవు. రూపాయి అగ్గిపెట్టె 2021 డిసెంబరులో రెండు రూపాయలైంది కానీ, పిసినారితనంతో పెట్టుకున్న నియమం కాదిది. కొండ మీద గాలిలో మూడు పుల్లల్లో వెలగనిది ముప్పై పుల్లల్లోనూ వెలగదన్నది నా అనుభవం. రాజేసిన వస్తువు పూర్తిగా కాలిపోయాక పుల్లలు వాటంతట అవి ఐదు నిమిషాలు మండితేనే నెగ్గినట్టు. ప్రతి వస్తువుకూ పొడిలో మూడుసార్లు, తడిలో మూడుసార్లు.

పదకొండు వస్తువులు తీసుకున్నాను. కర్పూరం, నూనెలో నానబెట్టిన పువ్వొత్తులు, కొబ్బరి పీచు, ఎండబెట్టిన కమలా తొక్కలు, ఉల్లి వెల్లుల్లి పొట్టు, పాత దిండులోని బూరుగు దూది, పచ్చి అప్పడం, మెత్తబడిన కారప్పూస, కరోనా కాలం నాటి శానిటైజరు జెల్, భోగి పిడక. పదకొండోది మైనం పోసిన కోడిగుడ్ల అట్ట. అందులో కొత్తేమీ లేదు, అందరూ వాడేదే. పోల్చి చూసుకోవడానికి ఒక కొలబద్ద ఉండాలని పెట్టుకున్నాను.

పాల ప్యాకెట్లు, చిప్స్ కవర్లు, థర్మోకోల్, సైకిల్ ట్యూబు ముక్కలు మొదటే పక్కన పెట్టేశాను. ట్యూబు ముక్క వానలో కూడా మండుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ నల్లటి పొగలోకి మొహం పెట్టి పిల్లలు ఊదుతారు. నా శిబిరంలో అది జరగదు.

పెరట్లో ఏం జరిగింది

బూరుగు దూదితో మొదలుపెట్టాను, ఎందుకంటే నా ఆశలన్నీ దాని మీదే. అగ్గిపుల్ల తాకీ తాకకముందే అంటుకుంది. అంతే వేగంగా అయిపోయింది కూడా. పది గ్రాముల దూది అంటే చూడటానికి ఒక చిన్న దిండంత. పన్నెండు సెకన్లలో గుప్పెడు బూడిద. పొడి పుల్లలు కూడా మూడింట ఒక్కసారే అంటుకున్నాయి. ఉల్లి వెల్లుల్లి పొట్టు దానికి తమ్ముడు. పైగా మండుతున్న పొరలు గాలికి లేచి ఎగురుతాయి. ఒకటి వెళ్లి పక్కింటివారి దండెం మీది తువ్వాలు మీద వాలింది. ఆ వస్తువుకు ఆ రోజే ఉద్వాసన పలికాను.

కమలా తొక్క గురించి గొప్పగా చెప్పుకుంటారు. పచ్చి తొక్కను దీపం దగ్గర పిండితే చిటపటమని మెరుపులు రావడం చిన్నప్పుడు అందరం చూసినదే. ఆ మెరుపు తొక్కలోని లిమొనీన్ అనే నూనెది. పది రోజులు ఎండలో పెట్టేసరికి ఆ నూనెలో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. మిగిలిన తొక్క నెమ్మదిగా, బాగానే కాలుతుంది. పొడి పుల్లలను మూడింట రెండుసార్లు అంటించింది. అయితే పరీక్షకని కొన్ని తొక్కలు అరకులో ఒక రాత్రి బయట ఉంచితే తెల్లారేసరికి చెప్పు తోలులా సాగాయి. మంచుకు తేమ పీల్చేసుకున్నాయి. కొబ్బరి పీచుదీ ఇదే జబ్బు. విడదీసి పిచ్చుక గూడులా చేస్తే పొడిలో చక్కగా పని చేస్తుంది, కణిక నిలబెడుతుంది, చెమ్మ తగిలితే మొండికేస్తుంది. పచ్చి అప్పడం అసలు అంటుకోలేదు, అంచులు నల్లబడి ముడుచుకుంది.

శానిటైజరు అంటుకుంది. అదే దాని సమస్య. ఆల్కహాలు మంట పగటి వెలుగులో సరిగా కనిపించదు. ఆరిపోయిందనుకుని నేనే ఇంకొంచెం పోయబోయాను. చేతికి సెగ తగిలి ఆగాను. పెట్రోలు కుర్రవాడిని తిట్టిన నోరు నాదే కదా అనిపించింది. అది కూడా జాబితాలోంచి పోయింది.

కారప్పూస సంగతి వేరు. పండగకు చేసి డబ్బా అడుగున మిగిలిపోయి, నూనె వాసన పట్టినది. వేయించిన పిండివంట బరువులో మూడో వంతు దాకా నూనే ఉంటుంది. పిండి వత్తిలా నిలబడి నూనెను కొంచెం కొంచెంగా మంటకు అందిస్తుంది. పది గ్రాములు దాదాపు నాలుగున్నర నిమిషాలు మండాయి. పొడిలో మూడుకు మూడు, తడిలో మూడుకు ఒకటి. పదకొండింటిలో నన్ను ఆశ్చర్యపరిచింది ఇదే. అమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి, "ఒరేయ్, తినే వస్తువును తగలబెట్టడానికి చేతులెలా వచ్చాయిరా నీకు?" అంది. రెండో ఆదివారం నుంచి కారప్పూస డబ్బా కనిపించలేదు. శిబిరంలోనూ ఇది పనికిరాదు లెండి. చీమలు, కుక్కలు, అన్నింటికంటే ముందు పిల్లలే దాన్ని ఖాళీ చేస్తారు.

కర్పూరానికి ఒక గొప్ప గుణం ఉంది. దానికి నీళ్లంటే లెక్కలేదు. నీళ్లలో ముంచి, పంచెకు తుడిచి వెలిగించినా మొదటి పుల్లకే వెలిగింది. నీళ్ల మీద తేలుతూ కూడా మండుతుంది. వేడి తగలగానే ఆవిరై, ఆ ఆవిరి మండుతుంది కాబట్టి బూడిద మిగలదు. కానీ అదే గుణం దాన్ని కరిగించేస్తుంది కూడా. మూత సరిగా పెట్టని ప్యాకెట్టు ఆరు నెలలకు సగమైపోతుంది. పది గ్రాముల కుప్ప ఎత్తైన మంటతో, నల్లటి మసితో నాలుగు నిమిషాలు మండి ఆరిపోయింది. తడిలో మూడుకు ఒక్కసారి నెగ్గింది. ఇక్కడొక హెచ్చరిక: చూడటానికి పిప్పరమెంటు బిళ్లలా ఉండే పూజ కర్పూరం మింగితే విషం, చిన్నపిల్లలకు ఫిట్స్ రావచ్చు. శిబిరంలో దాని డబ్బా నా సంచిలోనే, తాళం కింద.

పువ్వొత్తులను గారెలు వేయించగా మిగిలిన నూనెలో నానబెట్టాను. మంట చిన్నది, దీపమంత. కానీ పన్నెండు నిమిషాలు నిలిచింది. తడిలో మూడుకు రెండు. మైనం అట్టకూ అదే ఫలితం.

భోగి పిడక? మూడు అగ్గిపుల్లలకు కనీసం పొగ కూడా రాలేదు. ఆరు ప్రయత్నాల్లోనూ సున్నా.

లెక్క ఎక్కడ తప్పింది

మూడో ఆదివారం రాత్రి కాగితం మీద చిన్న లెక్క వేసుకున్నాను. తడి కట్టలో 70 గ్రాముల నీళ్లున్నాయి. ఒక గ్రాము నీటిని చల్లటి స్థితి నుంచి ఆవిరి చేయడానికి సుమారు 2.6 కిలోజౌళ్ల వేడి కావాలి. మొత్తం 180 దాకా. పది గ్రాముల దూది పూర్తిగా కాలినా ఇచ్చేది 160, 170 కిలోజౌళ్లు. అంటే ఒక్క రవ్వ వృథా కాకుండా మొత్తం వేడి పుల్లలకే పట్టినా నీళ్లు ఆరవు. పేపరుదీ, పొట్టుదీ, తొక్కలదీ ఇదే కథ. నాలుగు దినపత్రికలు అందుకే బూడిదయ్యాయి.

నూనె, కర్పూరం వేరు. పది గ్రాములకు 370, 380 కిలోజౌళ్లు ఇస్తాయి, రెట్టింపు కంటే ఎక్కువ. మరి కర్పూరం మూడింట రెండుసార్లు ఎందుకు ఓడింది, వత్తి రెండుసార్లు ఎందుకు నెగ్గింది? రెండింటిలో ఉన్న వేడి దాదాపు ఒకటే. తేడా సమయంలో ఉంది. కర్పూరం తన వేడినంతా నాలుగు నిమిషాల్లో ఆకాశానికి విసిరేసింది. వత్తి పన్నెండు నిమిషాలపాటు ఒకేచోట ఒదిగి, తన పైనున్న నాలుగు పుల్లలను ఆరబెట్టి, ఆ నాలుగింటినీ మిగతావాటి మీదికి పంపింది. పెట్రోలు రాత్రి జరిగింది కూడా ఇదే. కట్టె ఉపరితలం మీది ఆవిరి మండింది, కట్టె లోపలికి వేడి దిగే వ్యవధి లేకపోయింది.

నేను అప్పటిదాకా ఏ వస్తువు త్వరగా అంటుకుంటుందా అని వెతికాను. వెతకాల్సింది ఏది ఎక్కువసేపు అంటిస్తుందా అని. అలా చూస్తే మూడు అగ్గిపుల్లలకూ లొంగని పిడక ఓడిపోయిన వస్తువు కాదు. దానికి అంటించేవాడు లేడు, అంతే.

భోగి పిడకకు మధ్యలో చిల్లు ఉంటుంది, దండ గుచ్చడానికి. పల్చగా, అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. చిల్లు దండ కోసమే కావచ్చు, నాకు మాత్రం అది గాలి గొట్టంలా కనిపించింది. చిల్లులో రెండు నూనె వత్తులు కుక్కి, వాటి తలల మీద రెండు గ్రాముల కర్పూరం నలిపి అద్దాను. కర్పూరం మొదటి పుల్లకే వెలిగి వత్తులను అందుకుంది, వత్తులు పిడక లోపలి అంచును ఎర్రబరిచాయి. ఆ తరువాత నేను చేయాల్సింది ఏమీ లేకపోయింది. తడి పుల్లలతో మూడుకు మూడు. పుల్లలన్నీ కాలి బూడిదయ్యాక కూడా పిడక అరగంట పైగా కణకణలాడింది.

అయితే ఈ పోలిక న్యాయమైనది కాదు. పిడక, వత్తులు, కర్పూరం కలిపి 47 గ్రాములు. మిగతావన్నీ పదేసి గ్రాములు. అందుకని 47 గ్రాముల మైనం అట్టతో మళ్లీ చేశాను. అది కూడా మూడుకు మూడు నెగ్గింది, మంట ఇంకా చక్కగా వచ్చింది. కాకపోతే పావుగంటలో పూర్తిగా అయిపోయి, కింద నిప్పంటూ ఏమీ మిగల్లేదు. పుల్లలకు ఆ పావుగంట చాలు. మణికట్టు లావు కట్టెలకు చాలుతుందా అన్నది పెరట్లో తేలే విషయం కాదు.

జనవరి, మళ్లీ అరకు

శిబిరం పట్టా భూమిలో ఉంది. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం, అక్కడ ఈ ప్రయోగాల మాటే ఎత్తకూడదు. మూడు రాత్రులు, మూడు నెగళ్లు, పిల్లలు లేకుండా.

మొదటి రాత్రి పిడక బాగా వెలిగింది, ఇరవై నిమిషాలకు నీరసించింది. నాకు నోట మాట రాలేదు. పక్క గూడెం నుంచి వచ్చే వాచ్‌మన్ తాత అంతసేపూ చుట్ట కాల్చుకుంటూ చూస్తూనే ఉన్నాడు. చివరికి అన్నాడు: "బాబూ, తడి నేల మీద కూర్చుంటే నువ్వయినా వణుకుతావు, పిడక వణకదా?" చెయ్యి పెట్టి చూస్తే పిడక కింది సగం చెమ్మగా ఉంది. పైన పుట్టిన వేడిని కింద నేల తాగేసింది. పెరట్లో ఇనుప బాణలిలో పరీక్షలు చేసినవాడికి నేల సంగతి తట్టలేదు.

రెండో రాత్రి తాత చేతికి కత్తి ఇచ్చి నేను పక్కన నిలబడ్డాను. బయట తడిగా ఉన్న కట్టెను నిలువునా చీలిస్తే లోపలి చేవ పొడిగా ఉంది. మంచు తడి అంతా బెరడు కిందే ఆగిపోయింది. చీల్చిన బద్దలను నాలుగు పక్కపక్కనే నేల మీద పరిచి, వాటి మీద పిడక పెట్టి, చీలిన ముఖాలు నిప్పువైపు ఉండేలా పుల్లలు, ఆపైన కట్టెలు పేర్చాడు. ఒక్క అగ్గిపుల్ల. ఐదో నిమిషానికి పుల్లలు, ఇరవై రెండో నిమిషానికి మణికట్టు లావు కట్టెలు అందుకున్నాయి.

ఇందులో గెలుపు పిడకదా, తాతదా? మూడో రాత్రి అదే పేర్పు, అవే చీలిన బద్దలు, పిడక బదులు దినపత్రిక, ఎండు ఆకులు. మొదటి రెండు ప్రయత్నాలు పొగతో ముగిశాయి. మూడోసారి, విసనకర్రతో చెయ్యి నొప్పెట్టేదాకా విసిరాక, నలభై నిమిషాలకు అంటుకుంది. అంటే సరిగా పేరిస్తే పేపరుతోనూ నెగడు వస్తుంది. సరిగా పేర్చకపోతే పిడకతోనూ రాదు. నాలుగు ఆదివారాలు నేను వస్తువుల వెంట పడ్డాను. అందులో ఒక్క ఆదివారం కట్టె చీల్చడం నేర్చుకుని ఉంటే డిసెంబరు రాత్రి నా పరువు కొంత దక్కేది. తాతకు ఈ మాట చెబితే నవ్వి ఊరుకున్నాడు. మైనం అట్టకు ఇలాంటి రాత్రి ఒకటి ఇవ్వలేకపోయాను, వ్యవధి లేక. ఆ లోటు ఈ పరీక్షలో ఉంది. ఒకే రకం కట్టెతో, ఒకే ఋతువులో చేశానన్నది ఇంకో లోటు. జులైలో రోజుల తరబడి నానిన కట్టె లోపల కూడా ఇలాగే పొడిగా ఉంటుందని నేను హామీ ఇవ్వలేను.

ఇప్పుడు శిబిరం సామానులో ఒక స్టీలు డబ్బా ఉంటుంది. అందులో వత్తులు కుక్కిన పిడకలు ఇరవై. కర్పూరం మాత్రం వెలిగించే ముందే అద్దుతాం, ముందే పెడితే ఆవిరైపోతుంది. డబ్బా మూత గట్టిగా పట్టాలి. పిడక కూడా తేమ పీలుస్తుంది, మొదటి దఫాలో ఐదింటికి బూజు పట్టింది. పిడక పొగ పొయ్యి పొగ లాంటిదే, కళ్లు మండుతాయి. కాబట్టి కట్టెలు అందుకునేదాకా పిల్లలను గాలి వచ్చే వైపున కూర్చోబెడతాం.

ఇంకొక్కటి రాయాలి. రెండో రాత్రి నెగడు పది గంటలకు ఆరింది. బకెట్టు నీళ్లు చల్లి, పైన పొగ లేదని చూసి పడుకున్నాం. తెల్లవారి ఆరింటికి తాత కర్రతో బూడిద కెలికితే అడుగున పిడక ముక్క ఎర్రగా ఉంది. అటు పక్క పది అడుగుల్లో కాఫీ తోట, నేలంతా ఎండిన సిల్వర్ ఓక్ ఆకులు. నాకు ఒళ్లు చల్లబడింది. తాత మాత్రం ఆ కణికను రెండు పుల్లల మధ్య ఎత్తి పట్టుకుపోయి టీ పొయ్యి రాజేశాడు. ఆ రోజు నుంచి రెండు బకెట్లు పోస్తున్నాం. ఒకటి పోసి, కర్రతో అడుగుదాకా కలిపి, రెండోది పోసి, చేతి వెనుక భాగంతో తడిమి చూశాకే లైట్లు ఆర్పుతాం.